ఆఖరి నీళ్ళకు ముందస్తు ఆర్డరు

మా సంస్థలో పాత కంప్యూటరు ఎన్నడూ చెడిపోలేదు. దాని మీద వచ్చిన మొదటి ఆరోపణ అదే.

"ఇన్నేళ్ళుగా ఒక్క ఫిర్యాదు కూడా రాలేదంటే ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదన్నమాట," అన్నారు కొత్తగా వచ్చిన ఎం.డి. జయవర్ధన్ గారు, బాధ్యతలు తీసుకున్న వారంలోనే పెట్టిన మీటింగులో. "పట్టించుకోని వ్యవస్థ ప్రమాదకరం."

మేమందరం తలలూపాం. చెడిపోని వస్తువు ప్రమాదకరమని అప్పటిదాకా మాకు తట్టనందుకు కొంచెం సిగ్గుపడ్డాం కూడా.

మాది పట్టణ జలవితరణ సంస్థ. ఊరికి నీళ్ళిస్తాం. నేను అందులో సూపరింటెండెంటుని, పేరు పేర్రాజు. ఊళ్ళో నీళ్ళు తక్కువ, వీధులు ఎక్కువ కాబట్టి ఏ వీధికి ఏ రోజు ఏ వేళకి వాల్వు తిప్పాలో వంతులు వెయ్యాలి. ఆ వంతులు వేసేది కింది అంతస్తులో ఒక గదంతా ఆక్రమించుకుని కూర్చున్న మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు. చూడ్డానికి ఇనప బీరువాలు వరసగా నిలబెట్టినట్టుండేది. పొద్దున్నే గడగడా కాగితం కొట్టేది. ఆ కాగితం చూసుకుని ఫిట్టర్లు వాల్వులు తిప్పే పొడుగాటి ఇనప తాళాలు భుజాన వేసుకుని సైకిళ్ళెక్కేవారు. బీరువా పక్క రేకు మీద ఎర్ర రంగుతో 'తడి చేతులతో ముట్టుకోరాదు' అని రాసి ఉండేది. మా ఆఫీసులో ఏసీ ఉన్న గది కూడా అదొక్కటే కనక ఆడిటర్లు ఎప్పుడొచ్చినా దాని పక్కనే కుర్చీ వేయించుకునేవారు.

దానికి ఒక మంచి అలవాటుండేది. ఊళ్ళో ఎవరింట్లోనైనా మనిషి పోతే, వాళ్ళ తాలూకు ఎవరో ఒకరు ఆఫీసుకొచ్చి వీధి పేరు చెబితే చాలు. ఆ పేరు కంప్యూటరుకి కొట్టగానే మిగతా వంతులన్నీ కాస్త ఇటూ అటూ జరిపి, ఆ వీధికి గంటసేపు నీళ్ళు వదలమని చీటీ ఇచ్చేది. శవానికి స్నానం చేయించాలి, ఇల్లు కడగాలి, శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు తలలు తడుపుకోవాలి. వీటికి వంతు వచ్చేదాకా ఆగమని ఎవర్నీ అనలేం కదా. వాటిని మా ఊళ్ళో 'ఆఖరి నీళ్ళు' అంటారు. ఎప్పటిదో కరువు కాలంలో మొదలైన ఆచారం. కంప్యూటరు కొన్నప్పుడు దానికీ నేర్పారు.

ఆ ఆఖరి నీళ్ళ మీద మా మేనత్త సుభద్రయ్యమ్మ చాలా ఆశ పెట్టుకుని ఉంది. మా ఇల్లు మెట్టవీధిలో. ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు మీద ఉన్న వీధి అది. అక్కడికి నీళ్ళెక్కడమే గగనం. వంతు వచ్చిన రోజున కూడా కుళాయి ముందు దగ్గుతుంది, తర్వాత ఉమ్ముతుంది, ఆ తర్వాత దయ కలిగితే పారుతుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అత్తే. కింద పెద్దకుళాయి నుంచి బిందెలు మోసి మోసి ఆవిడ నడుం ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇప్పుడు గుండె జబ్బు. డాక్టరు ఎంతకాలమన్నదీ చెప్పలేదు, ఫీజు మాత్రం తగ్గించాడు.

"ఒరే పేర్రాజూ, నా బతుకంతా చెంబులతో కొలుచుకునే పోసుకున్నాన్రా. పోయిన్నాడైనా గంగాళాల కొద్దీ పొయ్యండి. నీళ్ళాఫీసులో ఉజ్జోగం చేస్తన్నందుకు ఆ ఒక్కటీ చెయ్యి చాలు," అనేది.

"అలాగే అత్తా," అనేవాణ్ణి. అదేం పెద్ద పని? వీధి పేరు చెబితే చాలు కదా.

పాత కంప్యూటరు స్థానంలో రాబోయేది ఒక సమగ్ర వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేరు. పేరు 'పరిపూర్ణ'. దాన్ని కొనడానికి ఎక్కడా నిధులు లేవు. వెతగ్గా వెతగ్గా మెట్టవీధికి రెండో గొట్టం, కొత్త పంపు వెయ్యడానికి కేటాయించిన డబ్బు ఒకటి ఖర్చు కాకుండా కనిపించింది. "గొట్టం ఒక్క వీధికే ఉపయోగం. పరిపూర్ణ ఊరంతటికీ ఉపయోగం," అని ఎం.డి. గారు ఫైలు మీద రాశారు. ఆ ఫైలు పైకి పంపిన సూపరింటెండెంటుని నేనే. నా సంతకం చాలా బాగా వచ్చింది.

పరిపూర్ణతోబాటు నిశ్చల్ గారనే కన్సల్టెంటు కూడా వచ్చాడు. చక్కని కుర్రవాడు, ఏ ప్రశ్నకీ లేదు, కాదు అనడు. అతను రాగానే చెప్పిన మొదటి సంగతి ఇది:

"పరిపూర్ణలో ప్రపంచంలోని బెస్ట్ ప్రాక్టీసులన్నీ ఆల్రెడీ ఉన్నాయండీ. కాబట్టి మనకి తగ్గట్టు దాన్ని మార్చకూడదు. దానికి తగ్గట్టు మనం మారాలి."

"ఇదివరకు ఏ ఊరి నీళ్ళ సంస్థలో పెట్టారు బాబూ?" అని అడిగాను.

"నీళ్ళు అని కాదండీ. ఒరిజినల్‌గా ఒక పెద్ద బిస్కెట్ల కంపెనీ కోసం తయారైంది. కాని సరుకేదైనా సరుకేనండీ."

"నీరు కూడా ఒక ఉత్పత్తే పేర్రాజు గారూ! మన దృక్పథంలో మౌలిక పరివర్తన రావాలి," అన్నారు ఎం.డి. గారు.

నేను దృక్పథాన్ని మార్చుకోవడానికి కాసేపు ప్రయత్నించి, "మరి ఆఖరి నీళ్ళండీ?" అన్నాను.

నిశ్చల్ గారికి ఆచారమంతా వివరించాను. శ్రద్ధగా విన్నాడు. ల్యాప్‌టాప్‌లో వెతికాడు.

"కస్టమర్ చనిపోవడం అనే ప్రాసెస్ ఇందులో లేదండీ."

"బిస్కెట్లు తినేవాళ్ళు చనిపోరా?"

"పోతారండీ. కాని పోయాక ఆర్డరు పెట్టరు."

ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

అయినా కన్సల్టెంటు ఊరుకునేవాడు కాదు. ఒకటి రెండు రోజులు కూర్చుని దారి కనిపెట్టాడు. బిస్కెట్ల కంపెనీలో, దుకాణదారుడి దగ్గర సరుకు పాడైపోతే వంతుతో పని లేకుండా బదులు సరుకు పంపే పద్ధతి ఒకటుందట. ఆఖరి నీళ్ళని అందులో ఇరికించవచ్చు. అయితే షరతులు కొన్ని ఉన్నాయి. బదులు సరుకు కాల్చి, ఆరబెట్టి, పొట్లాలు కట్టాలి కాబట్టి ఆర్డరు పదిహేను రోజుల ముందు పెట్టాలి. ఖాతాదారే స్వయంగా పెట్టాలి. సరుకు అందాక ఖాతాదారే స్వయంగా సంతకం చెయ్యాలి. ఒక ఖాతాదారుకి ఒక్కసారే ఇస్తారు. కారణం తప్పనిసరిగా చూపించాలి. కారణాలు నాలుగే ఉన్నాయి: విరిగింది, తేమ తగిలి మెత్తబడింది, రవాణాలో నలిగింది, గడువు తీరింది.

"అంటే పోబోయే మనిషి పదిహేను రోజుల ముందు తనే వచ్చి ఆర్డరు పెట్టుకుని, పోయాక తనే సంతకం చెయ్యాలి. అంతేనా?"

"కరెక్టుగా పట్టుకున్నారండీ," అన్నాడు నిశ్చల్ మెచ్చుకోలుగా.

"ఉన్నట్టుండి పోయేవాళ్ళ మాటేమిటి?"

"అది అన్‌ప్లాన్డ్ కిందికి వస్తుందండీ. డిస్కరేజ్ చెయ్యాలి."

చావు కబురు చల్లగా చెప్పేవాళ్ళని చూశాను గాని, పదిహేను రోజులు ముందుగా చెప్పమనేవాళ్ళని చూడడం అదే మొదలు. ఎం.డి. గారు మాత్రం ముచ్చటపడి, 'పౌరులు తమ అంతిమ అవసరాలను ముందస్తుగా అంచనా వేసుకునే సంస్కృతిని పెంపొందించాలి' అని సర్క్యులర్ వేయించారు. దాన్ని అన్ని శ్మశానాల గేట్లకీ అంటించాం.

కొత్తదీ పాతదీ కొన్నాళ్ళు పక్కపక్కనే నడిపి చూద్దామని మా ఇంజనీర్లు కొందరు గొణిగారు. "రెండు పడవల మీద కాళ్ళు పెడతారా?" అని ఎం.డి. గారు వాళ్ళని మందలించారు. పాత కంప్యూటరుకి బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆ చేత్తోనే స్విచ్చి ఆపేశారు. పాత సామాను కొనే మస్తాను బండి తెచ్చి బీరువాలన్నీ పట్టుకుపోయాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. మేము ఏట్లో దిగకముందే తగలేశాం.

మర్నాడు ఊరికి నీళ్ళు రాలేదు. రిజర్వాయరు నిండా నీళ్ళున్నాయి. వాల్వులు తిప్పమనే చీటీ పరిపూర్ణ ఇవ్వడం లేదు. సరుకు గోడౌను దాటే ముందు నాణ్యత పరీక్ష చెయ్యాలట. పరీక్షలో మా నీళ్ళు తప్పాయి. కారణం: తేమ శాతం అనుమతించిన దానికంటే ఎక్కువ.

ఇది వినగానే మొదట ఎవరూ నవ్వలేదు. ఊళ్ళో జనం ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. కమిటీ వేశారు. కమిటీ రిజర్వాయరు దగ్గరికి వెళ్ళి, వంగి చూసి, నీళ్ళలో తేమ ఉన్న మాట వాస్తవమేనని నివేదిక ఇచ్చింది. ఆఖరికి నిశ్చల్ గారే ఉపాయం చెప్పాడు. తేమ మూడు శాతం అని నమోదు చేశాం. వాల్వులు తెరుచుకున్నాయి. ఈ రోజుకీ రికార్డుల ప్రకారం మా ఊరి నీళ్ళు దాదాపు పొడిగానే ఉంటాయి.

ఊళ్ళో మిగతా వీధులకి ఎలాగో నీళ్ళు రావడం మొదలైంది గాని మా మెట్టవీధికి రాలేదు. నిశ్చల్ గారిని అడిగితే తెరమీద ఒక గీత చూపించాడు. అది నేలకి అతుక్కుని ఉంది.

"మీ వీధిలో వాడకం లేదండీ. వాడకం లేని చోటికి సరుకు పంపదు. చాలా ఇంటెలిజెంట్."

"వాడకం లేనిది నీళ్ళు రాకనే కదయ్యా?"

"కావచ్చండీ. సిస్టమ్ కారణాలు అడగదు, ట్రెండు చూస్తుంది."

ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ తాయారు పొయ్యి మీద గిన్నె దించి నా వైపు చూసింది.

"నీళ్ళు రానందుకు వాడట్లేదంట, వాడట్లేదని నీళ్ళివ్వరంట. ఇది కనిపెట్టడానికేనా గొట్టం డబ్బులు తగలేశారు?"

నేను బెస్ట్ ప్రాక్టీసుల గురించి చెప్పబోయాను. "స్నానం చేసి మాట్లాడండి," అంది. చెయ్యడానికి వీల్లేదని ఆవిడకీ తెలుసు.

మంచం మీద నుంచి అత్త అంతా వింటోంది. "నా నీళ్ళ సంగతేం చేశావురా?" అంది.

కొత్త పద్ధతి చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు, లెక్కలు వేసుకుంది.

"ఆర్డరు పెడితే ఆ రోజుకి తప్పకుండా వస్తాయంటావా?"

"వస్తాయి. అది మాత్రం తప్పదట."

"అయితే రాసుకో. పదిహేను రోజులకి ఏ తిథి పడుతుందో చూడవే తాయారూ."

"ఏకాదశి అవుద్ది అత్తయ్యగారూ," అంది తాయారు క్యాలెండరు చూసి.

"దివ్యంగా ఉంది. కానీ."

మర్నాడు ఆవిణ్ణి రిక్షాలో ఆఫీసుకి తీసుకువెళ్ళాను. పరిపూర్ణ వచ్చాక ఆ పద్ధతిలో వచ్చిన తొలి ఖాతాదారు ఆవిడే. కారణం దగ్గర నాలుగూ చదివి వినిపించాను.

"విరగడవైతే నడుం ఎప్పుడో విరిగింది. నలగడవూ అయింది. తేమంటావా, మన వీధిలో అది తగిలే యోగం లేదు," అని ఆలోచించి, "గడువు తీరిందని రాయి. పద్ధతిగా ఉంటుంది," అంది.

ఏకాదశి నాడు పొద్దున్నే ఫిట్టరు గవర్రాజు ఇనప తాళంతో మెట్టవీధి ఎక్కాడు. మొహం వేలాడేసుకుని మా అరుగు దగ్గర ఆగాడు. అరుగు మీద అత్త కూర్చుని తమలపాకులకి సున్నం రాసుకుంటోంది.

"ఏటమ్మా, నువ్వు ఇంకా..." అని ఆగిపోయాడు.

"ఇంకా పోలేదు నాయనా. సంతకం పెట్టాలన్నారుగా, అందుకని ఉండిపోయాను. ముందు వాల్వు తిప్పు."

గవర్రాజు వాల్వు తిప్పాడు. మెట్టవీధి కుళాయిలు దగ్గలేదు, ఉమ్మలేదు, తిన్నగా ధారకట్టాయి. ఎప్పుడో వానలప్పుడు చూశాం అలాంటి ధార. వీధి వీధంతా బిందెలూ బకెట్లూ డేగిసాలూ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. తాయారు అత్తకి తలంటి, గంగాళం నిండుగా నీళ్ళు పోసింది. ఆవిడ కళ్ళు మూసుకుని 'ఇంకా పొయ్యవే, ఇంకా పొయ్యి' అంటూనే ఉంది. తడి జుట్టు ఆరబోసుకుంటూ అరుగు మీద కూర్చుని సంతకం పెట్టింది. గవర్రాజు ఫోటో తీసుకున్నాడు, రుజువు కావాలన్నారట. ఆ రోజు నాకు పరిపూర్ణ మీద కొంచెం గౌరవం కూడా కలిగింది. ఎందుకు అబద్ధమాడాలి?

సాయంత్రానికి మా ఎదురింటి సన్యాసమ్మ వచ్చింది. ఆవిడ మా వీధి మలుపులో ఇడ్లీల బండి పెడుతుంది.

"పేర్రాజుగారూ, మా ఆయన్ని కూడా రాసెయ్యండి. పిండి రుబ్బుకోడానికి నీళ్ళు లేక చస్తన్నాను."

"మీ ఆయన నిక్షేపంలా ఉన్నాడు కదమ్మా?"

"ఉంటే ఏం? ఊరికే కూకునే ఉన్నాడు. ఈ పనికైనా వస్తాడు."

సన్యాసమ్మ మొగుడు రవాణాలో నలిగాడు. ఆ పక్కింటి మేష్టారు తేమ తగిలి మెత్తబడ్డాడు. పదిహేను రోజులు తిరిగేసరికి వీధిలో పెద్దవాళ్ళందరూ వంతులు వేసుకుని పోవడం మొదలుపెట్టారు. రోజూ ఏదో ఒక ఇంటి పేర నీళ్ళు, రోజూ వీధంతటికీ పండగ. నీళ్ళు నిలవ చేసుకోవడానికి మస్తాను పాత కంప్యూటరు బీరువాల రేకులు కోసి, అతికి, పెద్ద తొట్లు చేసి అమ్మాడు. మంచి గట్టి రేకు. ఒకటి సన్యాసమ్మ కొనుక్కుంది. దాని పక్కన ఆ ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి: తడి చేతులతో ముట్టుకోరాదు.

సంగతి కింది వీధులకి పాకింది. మామూలు వంతు నీళ్ళు వచ్చీ రాక అందరూ విసిగి ఉన్నారు. ఆర్డరు నీళ్ళు చెప్పిన రోజుకి ఠంచనుగా వస్తాయి. ఇంకేం, ఊరు ఊరంతా క్యూ కట్టింది. పెళ్ళివారు ముహూర్తం పెట్టుకోగానే పెళ్ళికొడుకు తాతని రాయించేవారు. తాత లేకపోతే ఇంటి ఓనర్ని.

నెలవారీ సమీక్షలో నిశ్చల్ గారు తెరమీద నిట్టనిలువుగా లేచిన గీత చూపించాడు. "ఆఖరి నీళ్ళు మన ఫాస్టెస్ట్ మూవింగ్ ప్రొడక్ట్ అయిపోయిందండీ! ఈ ట్రెండు ఇలాగే సాగితే సంవత్సరం తిరక్కుండా టోటల్ పాపులేషన్‌ని కవర్ చేస్తాం."

"ఊళ్ళో అంతమంది చనిపోతున్నారా?" అని ఎం.డి. గారు ఒక్క క్షణం కలవరపడ్డారు.

"సంతకాలు పెడుతున్నారండీ."

"అయితే సరే," అని ఎం.డి. గారు స్థిమితపడ్డారు. "మన విధి నీరందించడం. మరణాలు ఆరోగ్యశాఖ పరిధిలోని అంశం."

ఆ నెలాఖరున టౌన్ హాల్లో సభ జరిగింది. పరిపూర్ణకి ఏదో పురస్కారం వచ్చింది. తడి జుట్టుతో ఉన్న మా అత్త ఫోటోని పెద్దది చేసి వేదిక వెనక కట్టారు. 'తొలి సంతృప్త వినియోగదారు' అని కింద రాశారు. ఎం.డి. గారు మైకులో, "ఇప్పుడు కీర్తిశేషులు శ్రీమతి సుభద్రయ్యమ్మ గారు వేదిక మీదికి విచ్చేయవలసిందిగా కోరుతున్నాను," అన్నారు. అత్త నా భుజం పట్టుకుని మెట్లెక్కింది. శాలువా కప్పి రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

"నీళ్ళు బాగున్నాయి బాబూ," అంది అత్త. "పోవడానికే ఇంకా వీలు చిక్కలేదు. పోయాక మళ్ళీ పోస్తారుగా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సభ అయిన కొన్నాళ్ళకి పరిపూర్ణ తనంతట తానే ఒక నిర్ణయం తీసుకుంది. కదలని సరుకుని ఆపేసి, కదిలే సరుకు మీదే దృష్టి పెట్టాలన్నది అందులో ఉన్న బెస్ట్ ప్రాక్టీసు. కదలని సరుకు అంటే మామూలు వంతు నీళ్ళు. అవి ఆగిపోయాయి. ఇక ఊళ్ళో ఎవరికి నీళ్ళు కావాలన్నా పోవలసిందే. ఎం.డి. గారి బంగళాలో కూడా కుళాయి ఎండిపోయింది. వాళ్ళావిడ ఆఫీసుకి ఫోను మీద ఫోను చేసింది. మర్నాడు ఎం.డి. గారు తన ఆర్డరు తనే పెట్టి, తనే ఆమోదించుకున్నారు. కారణం దగ్గర చాలాసేపు ఆలోచించి 'విరిగింది' అని నొక్కారు. హోదాకి అదే తగినదని అనుకుని ఉంటారు.

ఆ రోజుల్లోనే ఒక మంగళవారం తెల్లవారుతూండగా మా అత్త నిజంగా పోయింది. తాయారు కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదు. నిద్రలోనే వెళ్ళిపోయింది. పక్కన మరచెంబులో గుక్కెడు నీళ్ళు మిగిలి ఉన్నాయి. ఇంట్లో ఉన్నవన్నీ కలిపినా ఒక బకెట్టు నిండలేదు. వీధికి నీళ్ళు వచ్చి వారం దాటింది. మా వీధిలో ఖాతాదార్లందరూ అప్పటికే పోయి ఉన్నారు. నేనొక్కణ్ణే మిగిలాను, ఆఫీసువాణ్ణి కదా, బాగోదని ఆగాను.

"వెళ్ళండి. అడగండి. ఆవిడ మిమ్మల్ని ఇంకేదీ అడగలేదు," అంది తాయారు. ఏడుస్తూనే అంది.

ఆఫీసు తెరిచేసరికి గుమ్మంలో ఉన్నాను. పరిపూర్ణలో మా అత్త పేరు కొట్టాను. 'ఈ ఖాతాదారుకు బదులు సరుకు అందజేయడమైనది. సంతకం స్వీకరించడమైనది. రెండవసారి ఇవ్వబడదు' అని వచ్చింది. నా పేరు కొట్టాను. పదిహేను రోజుల తర్వాతి తేదీ చూపించింది. ఎం.డి. గారి గదిలోకి వెళ్ళాను. నిశ్చల్ గారు అక్కడే ఉన్నాడు.

"సార్, మా అత్త పోయింది. గంటసేపు వాల్వు తిప్పించండి. రిజర్వాయరు నిండా నీళ్ళున్నాయి."

ఎం.డి. గారు లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. "మీ వ్యక్తిగత విషాదంలో సంస్థ మీ వెన్నంటి ఉంటుంది పేర్రాజు గారూ. కాని ఆవిడ ఇప్పటికే ఈ సేవను సంపూర్ణంగా వినియోగించుకున్నారు. ఒక్కరికి సడలింపు ఇస్తే పారదర్శకత ఏమైపోతుంది?"

"అప్పుడు ఆవిడ బతికే ఉంది సార్. మీరే శాలువా కప్పారు."

"సిస్టమ్‌లో ఆవిడ మన బెస్ట్ కేసు అండీ," అన్నాడు నిశ్చల్ మెల్లగా. "మళ్ళీ చనిపోయినట్టు పెడితే రికార్డు పాడవుతుంది."

అప్పటిదాకా నాకు ఏడుపొస్తుందేమోననుకున్నాను. రాలేదు, కోపం వచ్చింది. ఎం.డి. గారి మీద కాదు, నిశ్చల్ మీదా కాదు. గొట్టం ఫైలు మీద అంత అందంగా సంతకం పెట్టిన నా చేతి మీద వచ్చింది. పాత యంత్రానికి వీధి పేరు ఒక్కటి చెబితే సరిపోయేది. పోయిన మనిషి పేరు కూడా అడిగేది కాదు. గవర్రాజు దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నాను. అతను తలదించుకున్నాడు. వాల్వులన్నిటికీ ఈమధ్యే కంపెనీ తాళంకప్పలు వేశారట, పరిపూర్ణ చెబితేనే ఊడతాయట. భుజాన ఉన్న ఇనప తాళం ఊరికే అలవాటు కొద్దీ మోస్తున్నాడట.

వట్టి చేతులతో మెట్టవీధి ఎక్కాను. మా వాకిట్లో జనం మూగి ఉన్నారు. అందరి చేతుల్లోనూ బిందెలో చెంబులో ఏదో ఒకటి ఉంది. సన్యాసమ్మ, ఆవిడ మొగుడు, మెత్తబడిన మేష్టారు, ఇంకో నలుగురు కలిసి ఒక పెద్ద రేకు తొట్టిని నీళ్ళు తొణక్కుండా అంగుళం అంగుళం జరుపుకుంటూ మా గుమ్మం దగ్గరికి తెస్తున్నారు.

"మా ఆయన నీళ్ళు బాబూ," అంది సన్యాసమ్మ. "పిండికని అట్టే పెట్టాను. ఇయ్యాల ఇడ్లీ లేకపోతే ఊరేం మునిగిపోదు."

అత్తని అరుగు పక్కన బల్ల మీద పడుకోబెట్టారు. ఒక్కొక్కరూ తొట్లో చెంబు ముంచి ఆవిడ మీద పోశారు. ముందు నేను, తర్వాత తాయారు, ఆ తర్వాత రికార్డుల ప్రకారం ఎప్పుడో పోయిన మా వీధివాళ్ళందరూ. చెంబు ముంచినప్పుడల్లా వాళ్ళ తడి చేతులు ఆ ఎర్ర అక్షరాలకి తగిలేవి. చెంబులతో కొలిచి పొయ్యలేదు. గంగాళాల కొద్దీ పోశాం. ఆవిడ అడిగినన్ని పోశాం. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

శ్మశానం నుంచి వచ్చి తలలు తడుపుకునేసరికి తొట్టి అడుగు కనిపించింది. పెద్దకర్మ అయిన మర్నాడు తాయారు దాన్ని శుభ్రంగా తుడిచి బోర్లించింది.

"వట్టి తొట్టి తిరిగివ్వలేం కదండీ. పాపం బండి మానేసి ఇచ్చింది సన్యాసమ్మ," అంది.

అవునన్నాను. ఆఫీసుకి వెళ్ళి పరిపూర్ణ తెరిచి నా పేరు కొట్టాను. కారణం దగ్గర ఎక్కువ ఆలోచించలేదు, అత్త ఎంచుకున్నదే ఎంచుకున్నాను. పక్క నుంచి చూసిన నిశ్చల్ గారు, ఆఖరికి మీరు కూడా మారారు, చాలా సంతోషమండీ, అని చెయ్యి కలిపాడు. వచ్చే నెల ఎనిమిదో తారీఖుకి ఆమోదం వచ్చింది. ఆ రోజుకి సెలవు పెట్టాను. సంతకానికి ఇంట్లో మనిషుండాలి కదా.